చూడని జూకి వేసిన ఓటు

నా రాతలో తప్పులుంటే ముందే మన్నించమని అడుగుతున్నాను. అరవై రెండేళ్లు వచ్చాక అక్షరాలు దిద్దినదాన్ని. ఒత్తు ఎక్కడ పెట్టాలో ఇప్పటికీ మాటని రెండు మూడు సార్లు పైకి అనుకుని గానీ రాయలేను. నేను ఒక పేజీ నింపేలోపు మా కోడలు వంట చేసి, తిని, ఇంకా అక్కడే ఉన్నావా అత్తయ్యా అని అడుగుతుంది. పోయిన భాగం ఆలస్యమైందని పత్రికవాళ్లు కబురు పెట్టారు. నిజమే, కాదనను. ఈ భాగం మాత్రం తొందరగానే అయింది. కోపంలో చెయ్యి చురుగ్గా ఆడుతుందని నాకూ ఇప్పుడే తెలిసింది.

కథ ఎక్కడ ఆగిందో చెబుతాను. నేను జూలో మేత గదిలో పని చేస్తాను. జంతువులకి దుంపలు, క్యారెట్లు, రొట్టెలు తరిగి బకెట్లకి ఎత్తడం ముప్పై ఒక్క ఏళ్లుగా నా పని. నన్నందరూ మేతమ్మ అంటారు. మా ఆయన అదే జూలో ఎలుగుబంట్లని చూసుకునేవారు. ఆరేళ్ల క్రితం ఒక తెల్లవారుజామున ఆయన డ్యూటీకి వెళ్లేసరికి, బొంతమ్మ అనే ఆడ ఎలుగు చచ్చిపోయిందని చెప్పారు. లోపలి తలుపు గడియ ఆయన వెయ్యలేదట, మగ ఎలుగు వచ్చి మీద పడిందట, పాతిపెట్టడం కూడా అయిపోయిందట. ఒక్కసారి చూస్తానంటే చూడనివ్వలేదు. సెలవు కాగితం అని చెప్పి ఒకదాని మీద వేలిముద్ర వేయించుకున్నారు. అది సెలవు కాగితం కాదు. తప్పంతా నాదే అని ఆయన ఒప్పుకున్నట్టు రాసిన కాగితం. ఉద్యోగం పోయింది. ఎనిమిది నెలలకి ఆయనా పోయారు. ఆ ఎనిమిది నెలలూ మంచం మీద కూర్చుని కుడిచెయ్యి గాల్లో తిప్పి గడియ వేసినట్టు చూపించేవారు. "వేశానే. ఇలాగే వేశానే" అనేవారు. ఆ కాగితంలో ఏముందో నా కళ్లతో చదవాలనే నేను అక్షరాలు నేర్చుకున్నది.

ఇక ఈ పోటీ సంగతి. జూలంటే ప్రాణం పెట్టేవాళ్లు కొందరు ఒక సంఘంగా ఉన్నారు. సెలవు దొరికితే చాలు, సంచి తగిలించుకుని ఏదో ఒక జూకి పోతారు. ఏటా పదహారు జూలని ఎంచి, రెండేసి చొప్పున పోటీ పెడతారు. ఒక జతకి పక్షులు, ఒక జతకి పాములు, ఇలా ఒక్కో జతకి ఒక్కో విషయం. రెండు జూలూ చూసినవాళ్లు తమ దగ్గరున్న పది మార్కులని ఆ రెండింటికీ పంచి, ఎందుకో ఒక మాట రాసి పంపాలి. గెలిచినవాళ్లకి డబ్బూ లేదు, పతకమూ లేదు. అరచేతిలో పట్టే చెక్క ఏనుగు ఒకటుంది, అది ఏడాది పాటు వాళ్ల బల్ల మీద కూర్చుంటుంది. అంత సరదా పోటీ. ఈసారి మా జూకి కొండమీది జూతో జత పడింది. విషయం ఎలుగుబంట్లు. మా పెద్దసారు, అంటే జూ పెద్దాఫీసరు, మా నలభై ముగ్గురు పనివాళ్ల చేతా ఓటు కాగితాలు నింపించారు. మనకి పది, వాళ్లకి సున్నా. నేనూ రాశాను, కింద సంతకం పెట్టాను. ఇంటికి వచ్చాక కోడలి దగ్గర మిగిలిన ఖాళీ కాగితం చదువుకుంటే, అచ్చులో ఒక వరస కనిపించింది. "రెండు జూలూ నా కళ్లతో చూశాను." అక్కడ ఆపాను పోయిన వారం.

ఇప్పుడు వినండి.

ఆ వరస చదివాక నాకు అన్నం దిగలేదు. కంచం పక్కకి నెట్టాను.

"ఏమైంది అత్తయ్యా, ఉప్పెక్కువైందా?" అంది కోడలు. ఆమె మా జూలోనే పక్షుల దగ్గర పని చేస్తుంది. నాకు అక్షరాలు నేర్పింది కూడా ఆమే, మేత గది బోర్డు మీద.

"అమ్మాయ్, నువ్వెప్పుడైనా కొండమీది జూ చూశావా?"

"నేనా? మీ అబ్బాయి నన్ను బస్సు స్టాండుకే తీసుకెళ్లడు, కొండెక్కిస్తాడా!"

"మరి చూశానని సంతకం ఎలా పెట్టావు?"

కోడలు కాగితం తీసుకుని చదివింది. మొహంలో నవ్వు ఆరిపోయింది. "స్టాంపు గారు పెట్టమన్నారు, పెట్టాను. పైన ఏముందో ఎవరు చూశారు?" అంది.

స్టాంపు అంటే మా ఆఫీసు గుమాస్తా. ఏ కాగితం దొరికినా స్టాంపు గుద్దందే చెయ్యి ఊరుకోదు, అందుకని ఆ పేరు.

ఎవరు చూశారు, అని కోడలు అడిగిన మాట నన్ను నిలువునా కాల్చింది. చూడాల్సింది నేనే కదా! మా ఆయన చదవకుండా వేలిముద్ర వేశారని కుమిలి కుమిలి, కళ్లజోడు పెట్టించుకుని, చేతివేళ్లు నొప్పిపుట్టేలా దిద్దినదాన్ని. కానీ నలభై ఏళ్లు వేలిముద్ర వేసిన చెయ్యి కదా ఇది. కాగితం ముందుకి రాగానే సంతకం ఎక్కడ అని చూస్తుంది. ఏం రాసుంది అని తర్వాత అడుగుతుంది. నా పేరు వంకర లేకుండా వచ్చిందా లేదా అన్న సంబరంలో పైన ఉన్న అబద్ధం నాకు కనబడలేదు. నా జన్మలో నా చేతి రాతతో నింపి సంతకం పెట్టిన మొదటి కాగితం అది. దాని మీదే నా చేత అబద్ధం ఆడించారు.

"రేపు పోయి నా కాగితం నాకిచ్చేయమంటాను" అన్నాను.

"ఇప్పటికే పెద్దసారు నా మీద గుర్రుగా ఉన్నారు అత్తయ్యా. ఓటు వేసేముందు అందరం ఒకసారి ఆ కొండమీది జూ చూసొద్దాం, బస్సు వేయించండి అన్నానని ఎంత గొడవ చేశారో మర్చిపోయావా? పక్షుల దగ్గర నుంచి ఆకులు ఊడ్చే పనికి మారుస్తానన్నారు."

నేను మర్చిపోలేదు. ఒక్క బస్సు అడిగితే ఆ మనిషికి అంత కోపం ఎందుకొచ్చిందో మాకెవరికీ అప్పుడు అర్థం కాలేదు, అంతే.

మర్నాడు నేను ఆఫీసుకి పోయే పని లేకుండానే కబురొచ్చింది. పదకొండు గంటలకి అందరూ సమావేశం గదిలో ఉండాలి, జూల సంఘం నుంచి మనిషి వచ్చింది అని.

ఆ గది ఎప్పుడూ బడిపిల్లలకి చూపించడానికి పెట్టిన గుడ్లగూబ బొమ్మలతో, ఎండిన పాము కుబుసాలతో నిండి ఉంటుంది. ఆరోజు బల్ల మీద కొత్త గుడ్డ పరిచారు. దాని వెనక ఒక పెద్దావిడ కూర్చుని ఉంది. నా వయసే ఉంటుంది. తెల్ల జుట్టు, మట్టి కొట్టుకున్న కాన్వాసు బూట్లు, పక్కన గుడ్డసంచి. లెక్కల టీచరుగా చేసి రిటైరయిందట. నూట పన్నెండు జూలు చూసిందట. పెద్దసారు ఆవిడ ముందు బిస్కెట్ల ప్లేటు ఇటు జరిపి, అటు జరిపి, మహా హడావిడి పడుతున్నారు.

"మీతో పోట్లాడ్డానికి రాలేదండీ. నాకు ఒకే ఒక్క సందేహం" అంది టీచరు, సంచిలోంచి మా ఓటు కాగితాల కట్ట తీసి. "మీ దగ్గర నుంచి నలభై మూడు ఓట్లు వచ్చాయి. అందరూ పదీ సున్నా. సరే, ఎవరి జూ వాళ్లకి ముద్దు. కారణం కూడా అందరూ ఒకటే రాశారు. అదీ సరే. కానీ ఇది వినండి."

కళ్లజోడు సర్దుకుని మొదటి కాగితం చదివింది. "మన ఎలుగుబంట్లకు చోటు ఎక్కువ. కొండమీది జూలో చోటు చాలదు. నీళ్లు వేరే."

రెండోది తీసింది. "మన ఎలుగుబంట్లకు చోటు ఎక్కువ. కొండమీది జూలో చోటు చాలదు. నీళ్లు వేరే."

మూడోదీ అంతే. నాలుగోదీ అంతే. గదిలో దగ్గులు మొదలయ్యాయి. నా పక్కన కోడలు కొంగు నోట్లో కుక్కుకుంది. నవ్వు ఆపుకోవడానికో ఏడుపు ఆపుకోవడానికో చెప్పలేను.

"నలభై మూడింటిలోనూ నీళ్లు వేరే. ముప్పై ఏళ్లు పిల్లల పరీక్ష పేపర్లు దిద్దానండీ, ఇలాంటివి చాలా చూశాను" అంది టీచరు. "చూసి రాశారని తెలుసు. దేన్ని చూసి రాశారో తెలీడం లేదు. ఇంతకీ, నీళ్లు వేరే అంటే ఏమిటి?"

స్టాంపు నేల చూపులు చూస్తున్నాడు. పెద్దసారు గొంతు సవరించుకున్నారు.

"అంటే... అక్కడి నీళ్ల నాణ్యత వేరు మేడం. కొండ మీద కదా, ఉప్పు నీళ్లు. మా వాళ్లు చాలా సూక్ష్మంగా గమనించారు."

"అందరూనా?"

"అందరూ."

"కొండ మీద ఉప్పు నీళ్లా?"

"కొంచెం ఉప్పు" అన్నారు పెద్దసారు.

అక్కడ నా ఒళ్లు మండిపోయింది. ఆయన అబద్ధం ఆడినందుకు కాదు, అది అలవాటే. ఆ నీళ్లు వేరే అన్నది మా గది మాట. మా మేత గదిలో నల్లబల్ల మీద రోజూ పొద్దున్నే డాక్టరుగారు ఏ జంతువుకి ఎంత మేతో సుద్దతో రాస్తారు. కింద ఒక వరస మాత్రం తెల్ల పెయింటుతో ఎప్పటికీ చెరగకుండా రాసి ఉంటుంది, నీళ్లు వేరే అని. మేత బకెట్లో నీళ్లు పొయ్యకండి, పులిసిపోతుంది, వేరే బకెట్లో మొయ్యండి అని దానర్థం. ఎప్పుడో ఒక కోతి కడుపునొప్పితో చచ్చిపోతే మా ఆయనే ఆ వరస రాయించారు. బోర్డు మీద పై నుంచి కింది దాకా ఏముంటే అది చీటీలోకి దించుకోవడం మా అందరికీ అలవాటు. స్టాంపు ఓటులో రాయాల్సిన ముక్క ఆ బోర్డు మీదే సుద్దతో రాసి దించుకోమన్నాడు. మేం అలవాటుగా కిందిదాకా దించాం. అంతే సంగతి.

నేను లేచాను. కుర్చీ పెద్దగా చప్పుడు చేసింది.

"టీచరుగారూ, నా కాగితం నాకిచ్చేయండి."

"కూర్చోమ్మా మేతమ్మా" అన్నారు పెద్దసారు, పళ్లు నూరుతూ.

"కూర్చోను సారూ. ముప్పై ఒక్క ఏళ్లుగా పీట మీద కూర్చుని దుంపలు తరుగుతూనే ఉన్నాను, ఒక్క పది నిమిషాలు నిలబడితే కొంపలేం మునగవు." టీచరు వైపు తిరిగాను. "కొండమీది జూ నేను చూడలేదమ్మా. ఆ గేటు ఏ రంగో కూడా తెలీదు. ఇక్కడున్న నలభై ముగ్గురిలో ఒక్కరూ చూడలేదు. మేం చూసిందల్లా మా మేత గది బోర్డు. నీళ్లు వేరే అన్నది దాని మీద రాసున్న మాట. మేతలో నీళ్లు కలపొద్దని."

టీచరు కళ్లజోడు తీసేసింది. భుజాలు ఊగుతున్నాయి. నవ్వుతోంది! అరనిమిషం పాటు నవ్వి, కళ్లు తుడుచుకుని, "క్షమించాలి. ఇన్నేళ్ల పోటీలో ఇంత నిజాయితీ గల కాపీ నేను చూడలేదు" అంది.

గదిలో అందరూ నవ్వారు. నాకు మాత్రం నవ్వు రాలేదు.

"మీకు నవ్వులాట, మీరు నవ్వండి" అన్నాను. "నాకది నా మొదటి సంతకం. మా ఆయన చేత ఈ ఆఫీసులోనే సెలవు కాగితమని చెప్పి తప్పొప్పుకున్న కాగితం మీద వేలు వేయించారు. నేను చదువు నేర్చుకున్నది నా చేత మళ్లీ ఎవరూ అలాంటి పని చేయించకూడదని. చేయించారు. అరచేతిలో పట్టే చెక్క ఏనుగు కోసం చేయించారు. పోటీ పెట్టిన మీకే లేని పట్టుదల ఈయనకెందుకు? రెండు జూలు చూసి ఏది బాగుందో చెప్పుకోవడమే కదా మీ ఆట. దానికి చూడని మనుషుల చేత దొంగ సంతకాలా? మా చేతులంటే ఈయనకి అంత చులకనా? అప్పుడు ఒక వేలు, ఇప్పుడు నలభై మూడు సంతకాలు!"

"పాత గొడవలు ఇప్పుడెందుకు? నీ మొగుడి అజాగ్రత్త వల్ల ఒక మూగజీవం పోయింది. నేను కాబట్టి కేసు లేకుండా వదిలేశాను" అన్నారు పెద్దసారు. మొహం కందగడ్డలా ఉంది.

"వదిలేశారా? ఎనిమిది నెలలు మంచం మీద గాల్లో గడియ వేస్తూ పోయిన మనిషిని వదిలేశారా!"

కోడలు లేచి నా చెయ్యి పట్టుకుంది. కూర్చోబెట్టడానికి అనుకున్నాను. కాదు. "నా కాగితం కూడా ఇచ్చేయండి టీచరుగారూ. ఆకులూడ్చే చీపురు ఎక్కడుందో నాకు తెలుసు" అంది. ఆమె వెనక నీటిగుర్రాల దగ్గర పనిచేసే మనిషి లేచాడు. ఆ వెనక తోటపని ఆవిడ. ఒకరి తర్వాత ఒకరు కుర్చీలు చప్పుడు చేశారు.

టీచరు ఇక నవ్వలేదు. కాగితాల్లో వెతికి నాది తీసి రెండు చేతులతో నాకిచ్చింది. నేను దాన్ని నిలువుగా చింపి, మళ్లీ చింపి, ముక్కలు నా జాకెట్లో పెట్టుకున్నాను. ఆ గది నేల మీద నా పేరు పడి ఉండటం నాకిష్టం లేదు.

"అమ్మా, మీ ఓటు పోయినందుకు నాకే బాధగా ఉంది" అంది టీచరు. "బాగా చూసే కళ్లు మీవి. ఆ కొండమీది జూ ఎలా ఉంటుందో కనీసం ఫోటోల్లో చూడండి. నేనే తీశాను, పోయిన నెల." సంచిలోంచి మందపాటి ఆల్బమ్ తీసింది.

"ఫోటోలెందుకు మేడం, టీ చల్లారిపోతోంది" అన్నారు పెద్దసారు. ఆ గొంతు వేరేగా ఉంది. ఇందాకటి కోపం లేదు అందులో.

"టీ నేను తాగనండి" అంది టీచరు. ఆల్బమ్ నా ముందుకి జరిపింది.

మొదటి ఫోటోలో గేటు. ఆకుపచ్చ రంగు. రెండో దాంట్లో రాళ్ల మధ్య చిన్న మడుగు, ఏదో పెద్ద చెట్టు మొద్దు, దాన్ని గీకుతున్న రెండు ఎలుగులు. బాగుంది. మా దానికంటే చోటు తక్కువేమీ లేదు. ఉన్నమాట చెప్పాలి కదా, ఎక్కువే. మూడో ఫోటో తిప్పాను.

గోడకి వీపు ఆనించి ఒక ఎలుగు కూర్చుని ఉంది. ముసలిది. కుడికాలి పాదాన్ని రెండు చేతులతో పట్టుకుని, పక్కకి చూస్తూ కూర్చుంది.

కళ్లజోడు పైకి జరుపుకున్నాను.

ఎలుగులు చాలానే చూశాను. మేత బకెట్టు వచ్చేవేళకి గోడకి ఆనుకుని, తన కుడిపాదం తానే పట్టుకుని, పసిపిల్లలా ఎదురుచూసే ఎలుగుని ఒక్కదాన్నే చూశాను. మా ఆయన ఇంటికి వచ్చి అలాగే కూర్చుని చూపించి నన్ను నవ్వించేవారు. ఫోటో దగ్గరికి తెచ్చుకున్నాను. ఎడమ చెవి సగమే ఉంది. ఎదమీద తెల్ల వంకీ ఉంది, ఎడమ పక్కన వేలెడు మేర తెగిపోయి ఉంది. పిల్లగా ఉన్నప్పుడు ముళ్లకంచెలో ఇరుక్కుని తెగితే, మానేదాకా రోజూ ఆయనే మందు రాశారు. అక్కడ మళ్లీ తెల్లబొచ్చు మొలవలేదు.

"అత్తయ్యా?" అంది కోడలు.

ఫోటోలో ఎలుగు పక్కన చిన్న బోర్డు ఉంది. అక్షరాలు చిన్నవి. ఎవర్నీ చదవమని అడగలేదు. వేలు పెట్టుకుని ఒక్కొక్క అక్షరం నేనే కూడబలుక్కున్నాను. గది మొత్తం నా వేలిని చూస్తోంది.

ఆడ ఎలుగు. వచ్చిన తేదీ. ఆ తేదీ నాకు చదవక్కర్లేదు, నిద్రలో లేపి అడిగినా చెబుతాను. బొంతమ్మ చచ్చిపోయిందని మాకు చెప్పిన రోజది. దాని కింద ఇంకో వరస. ఇచ్చినవారు, కింది జూ పెద్దాఫీసరు. కొండమీదివాళ్లు మా జూని కింది జూ అంటారు.

ఒక్క బస్సు అడిగితే అంత కోపం ఎందుకొచ్చిందో అప్పుడర్థమైంది నాకు. చూడకుండానే నలభై మూడు సున్నాలు ఎందుకు వేయించారో అర్థమైంది. చెక్క ఏనుగు ఒక సాకు. మాలో ఎవరూ ఆ కొండ ఎక్కకుండానే ఈ జత పోటీ ముగిసిపోవాలి, అంతే ఆయనకి కావాల్సింది.

పెద్దసారు చెయ్యి ఆల్బమ్ వైపు వచ్చింది. "ఇలా ఇవ్వమ్మా, నేను చూస్తాను."

నేను రెండు చేతులూ దాని మీద పెట్టాను. దుంపలు తరిగిన చేతులివి, అంత తేలిగ్గా కదలవు.

"చూద్దురుగాని. ముందు ఒక్క మాట చెప్పండి సారూ" అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. "బొంతమ్మని ఎక్కడ పాతిపెట్టారన్నారు?"

పెద్దసారు తలుపు వైపు చూశారు. టీచరు మా ఇద్దర్నీ మార్చి మార్చి చూస్తోంది.

గది మూల కుర్చీ ఒకటి కదిలింది. స్టాంపు లేచి నిలబడ్డాడు. ఆరేళ్ల క్రితం మా ఆయన వేలుని ఇంకులో అద్దింది ఆ చేతులే.

"ఆయన్ని అడక్కు మేతమ్మా" అన్నాడు. "గుంట తవ్వించింది నేను. పూడ్పించింది నేను. అందులో ఏం పెట్టామో నేను చెబుతాను. కోడలమ్మా, ఆ తలుపు వెయ్యి. ఈయన బయటికి పోకూడదు."

కోడలు పోయి తలుపు వేసింది. గడియ పడిన చప్పుడు గదిలో అందరికీ వినబడింది.

— మేతమ్మ
వయసు అరవై ఏడు. కొడుకూ కోడలితో, జూ పక్షుల ఇళ్ల వెనక రెండు గదుల వాటాలో ఉంటున్నాను.